ఎడమ చెవిలో మోత

బస్సు మార్కాపురం స్టాండులోకి తిరిగేసరికి స్టెల్లా ఒళ్లో ఉన్న చిన్న సంచిని రెండు చేతులతో పట్టుకుని లేచింది. బట్టల బ్యాగు డిక్కీలో ఎక్కడో పడి ఉంది. దాని గురించి ఆమెకు దిగులు లేదు. చిన్న సంచిలో హెడ్‌సెట్ ఉంది. విమానం నడిపేవాళ్లు చెవులకు పెట్టుకునేది. ఇంజను మోతను అణిచేసి, టవర్‌లో కూర్చున్నవాళ్లు చెప్పే మాటను మాత్రం చెవిలో వేస్తుంది. వేయాలి.

ఆమెకు ఇరవై రెండేళ్లు. ప్రభుత్వ సాయంతో మహారాష్ట్రలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో ఏడాదిన్నరగా నేర్చుకుంటోంది. రన్‌వే బాగు చేస్తున్నారని వారం సెలవిచ్చారు. మిగతా పిల్లలు సంతోషంగా ఇళ్లకు పోయారు. స్టెల్లా మాత్రం దారి పొడుగునా నిద్రపోలేదు.

సెలవుకు ముందు శుక్రవారం ఆమె విమానాన్ని దించుతోంది. పక్క సీట్లో కెప్టెన్ మేడమ్ ఉంది. నేల దగ్గరవుతోంది. ఉన్నట్టుండి మేడమ్ పగ్గాలు తన చేతిలోకి తీసుకుని విమానాన్ని మళ్లీ పైకి లేపింది. రన్‌వే మీదికి ఏదో ట్రాక్టరు వచ్చింది. దిగొద్దు, పైకి పొమ్మని టవర్ రెండుసార్లు చెప్పింది. స్టెల్లాకు ఒక్క మాటా అందలేదు. ఎడమ చెవిలో బరువైన మోత నిండిపోయి, కుడి చెవిలోని మాట కూడా అందులో మునిగిపోయింది.

కిందికి దిగాక మేడమ్ కోప్పడలేదు. "లోపం హెడ్‌సెట్‌ది కావచ్చు, నీ చెవిది కావచ్చు. ఏదో తేల్చుకునిరా. తేలకుండా నిన్ను ఒంటరిగా పంపను" అంది.

స్టెల్లాను కుదురుగా ఉండనివ్వనిది ఆ చెవి మాట. వచ్చే నెలలో డాక్టరీ పరీక్ష ఉంది. అందులో చెవులు చూస్తారు.

వాళ్ల నాన్న విశ్వాసం పలకల ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ మీద ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. అమ్మ సరోజమ్మ అక్కడే ప్యాకింగ్‌లో ఉంటుంది. ఇంట్లో చూసుకునేవాళ్లు లేక, బడి లేని రోజుల్లో స్టెల్లాను షెడ్డుకే తీసుకుపోయేవాళ్లు. మిషన్ పక్కన గోనెపట్టా మీద కూర్చుని ఆమె ఎక్కాలు రాసుకునేది. పదో తరగతి దాకా అంతే. నాన్నను ఎడమ వైపు నుంచి పిలిస్తే పలకడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ ఎంత అలవాటైపోయిందంటే, ఎవరూ దాన్ని జబ్బు అనుకోరు. కుడి పక్కకు వెళ్లి మాట్లాడతారు.

ఇంటికి చేరిన రోజు సాయంత్రం స్టెల్లా హెడ్‌సెట్ బయటికి తీసి మంచం మీద పరిచిన తెల్లగుడ్డ మీద పెట్టింది. గుడ్డ తడిపి గట్టిగా పిండి, చెవుల మీద కూర్చునే మెత్తలకు అంటిన చెమటా నూనే తుడిచింది. మైకుకు తొడిగిన చిన్న స్పాంజిని మంచినీళ్లలో కడిగి నీడన ఆరేసింది. బ్యాటరీలు తీసి చూసింది. కారితే పేరుకునే తెల్లటి పొడి ఏ మాత్రం లేదు. వైరును పెద్ద చుట్టలుగా చుట్టింది; బిగించి చుడితే లోపల తీగ తెగుతుంది. మర్నాడు పొద్దున లేచి మళ్లీ అవే పనులు చేసింది.

"దాన్ని ఎన్నిసార్లు తుడుస్తావే?" అంది సరోజమ్మ. "నిన్న తుడిచినావు, ఇప్పుడు తుడిచినావు. అరిగిపోదా?"

"మోత ఏమన్నా ఉంటే గదమ్మా ఇది పనిచేస్తాందో లేదో తెలిసేది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది."

"మిక్సీ వేస్తా, సరేనా?"

సరోజమ్మ వేరుశెనక్కాయల చట్నీకి మిక్సీ తిప్పింది. స్టెల్లా హెడ్‌సెట్ పెట్టుకుని, బ్యాటరీ డబ్బా మీది బటన్ నొక్కి, పచ్చదీపం వెలిగాక వంటగట్టు పక్కన నిలబడింది. మిక్సీ గొంతు సన్నం. ఈ పరికరం అణిచేది ఇంజను లాంటి లావు మోతను. ఎడమా కుడీ తేడా ఉందో లేదో తేల్చుకునేలోపే చట్నీ అయిపోయింది.

"ఇంకోసారి తిప్పమ్మా."

"ఊరికే తిప్పితే మిక్సీ కాలిపోద్ది."

స్టెల్లా మిద్దె ఎక్కింది, దిగింది. ఫోను చూసుకుంది. శనివారం రన్‌వే తెరుస్తారని స్కూలు నుంచి సందేశం వచ్చింది. దాని కిందే మేడమ్ విడిగా ఒక ప్రశ్న పంపింది: తేలిందా? స్టెల్లా జవాబు రాసి, చెరిపేసి, ఫోను బోర్లించి పెట్టింది.

ఇంతకూ తేల్చుకునే దారి ఆమెకు తెలియక కాదు. హెడ్‌సెట్‌ను తారుమారుగా పెట్టుకుంటే చాలు. ఎడమది కుడి చెవికి, కుడిది ఎడమ చెవికి. మోత హెడ్‌సెట్ వెంట పోతే లోపం దానిది. ఎడమ చెవిలోనే ఉండిపోతే లోపం తనది. ఆ శుక్రవారం సాయంత్రమే, ఇంజను ఆపకముందే ఆ పని చేసి ఉండొచ్చు. చెయ్యలేదు. తెలియనంత కాలం తాను ఇంకా పైలట్ అయ్యే మనిషే అనిపించింది.

మూడో రోజు మధ్యాహ్నం అన్నం క్యారియర్ అందుకుని, "నేనిస్తాలే అమ్మా" అంటూ ఫ్యాక్టరీకి నడిచింది. రెండో చేతిలో చిన్న సంచి ఉంది. ఆ రోజు సరోజమ్మ పనికి పోలేదు.

షెడ్డులో దుమ్ము బూడిదరంగు మంచులా ఆడుతోంది. మేస్త్రీ బ్రహ్మం గుమ్మం దగ్గరే ఆమెను గుర్తుపట్టి, "ఏంది పాపా, విమానం ఎక్కడ ఆపినావు?" అన్నాడు.

"చిన్నాయనా, మిషన్ కాసేపు నడవనిస్తారా? దీన్ని చూసుకోవాలి."

"నీకోసం ఆపమంటే కష్టంగానీ, నడవమంటే ఏముంది?"

విశ్వాసం మాత్రం సంచిని చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. ముఖానికి కట్టుకున్న తువ్వాలు కిందికి లాగి, "దుమ్ములోకి తీసుకొస్తే పాడైపోదా అది? అట్ల గోడవతల నిలబడు. మోత అక్కడిగ్గూడా వస్తాది" అని గట్టిగా చెప్పాడు. ఆయన ఎప్పుడూ గట్టిగానే మాట్లాడతాడు.

గోడ అవతల రాతి చెక్కలు దొంతులుగా పేర్చి ఉన్నాయి. స్టెల్లా జడను వెనక్కి తోసి, చెవి చుట్టూ వెంట్రుక లేకుండా సర్ది, హెడ్‌సెట్ పెట్టుకుంది. బటన్ నొక్కింది. కుడి పక్క మిషన్ ఎక్కడో పొదిలి దాకా పోయినట్టు దూరమైంది. ఎడమ పక్క పోలేదు. పళ్లు బిగించినప్పుడల్లా ఆ మోత ఉబ్బుతోంది, తగ్గుతోంది. అదే శుక్రవారం మోత.

హెడ్‌సెట్ తీసి చేత్తో పట్టుకుని నిలబడిపోయింది.

మిషన్‌ను పక్కవాడికి అప్పగించి విశ్వాసం వచ్చాడు. కూతురి ముఖం చూసి, "ఏమైంది?" అన్నాడు.

ఆమె ఆయన కుడి పక్కకు జరిగింది. "ఈ తట్టు మోత ఆగట్లేదు నాయనా. లోపం దీనిదో, నా చెవిదో తెలియట్లేదు."

ఆయన ఆమె పెదవుల వైపు చూస్తూ విన్నాడు. మళ్లీ చెప్పించుకున్నాడు.

"తిప్పి పెట్టుకో మరి" అన్నాడు.

"తెలుసు."

"తెలిసి ఎందుకు నిలబడినావు?"

విశ్వాసం ఆమె చేతిలోంచి హెడ్‌సెట్ తీసుకోబోయి, తన చేతుల దుమ్ము చూసుకుని ఆగాడు. "పెట్టుకోమ్మా. ఏమున్నా ఇక్కడ నేనుండాను గదా" అన్నాడు.

స్టెల్లా కళ్లు మూసుకుని తిప్పి పెట్టుకుంది. మైకు ఎటో గాల్లోకి పోయింది. మోత కుడి చెవిలోకి వచ్చింది. ఎడమ చెవి నిశ్శబ్దంగా ఉంది. నమ్మక మళ్లీ తీసి, మళ్లీ పెట్టింది. మోత హెడ్‌సెట్ వెంటే పోతోంది. ఆమె రాతి దొంతి మీద కూలబడి, నవ్వూ ఏడుపూ కలిసిన గొంతుతో "దీనిదే నాయనా" అంది. ఆయనకు వినపడలేదు కానీ అర్థమైంది.

"ఏదీ, నాక్కూడా పెట్టు" అన్నాడాయన, పిల్లాడిలా తల వంచి.

ఆమె సంతోషంగా పెట్టింది. ఈసారి సరైన పక్కకే. బటన్ నొక్కింది, ఆపింది, నొక్కింది. "తేడా తెలుస్తాందా?"

ఆయన చాలాసేపు ఆలకించాడు. కుడి మెత్త మీద వేలు పెట్టి, "ఇక్కడ కొంచెం తగ్గినట్టుంది" అన్నాడు. ఎడమ మెత్త మీద పెట్టి చెయ్యి తిప్పాడు. "ఇటు నువ్వు నొక్కినా ఒకటే, నొక్కకున్నా ఒకటే. ఏం లేదు."

మామూలుగానే అన్నాడు. స్టెల్లా నవ్వు అక్కడే ఆగిపోయింది. నాన్నకు ఆ చెవి సరిగా వినపడదని తెలుసు. అందులో ఏమీ మిగల్లేదని తెలియదు.

ఇంటికొచ్చి ఎడమ మెత్తను ఊడదీసి చూసింది. నెల కిందట పాత మెత్తలు పగిలితే హాస్టల్లో తనే కొత్తవి వేసింది, క్లాసుకు టైమవుతోందని హడావిడిగా. మెత్త అంచు చుట్టూ గాడిలో కూర్చోవాలి. వెనక వైపు, చెవి కింద, ఒక అంగుళం మేర అంచు రోజురోజుకూ జారి లోపలికి మడతపడి ఉంది. ఆ సందులోంచే మోత దూరింది. ఇంకెవరి తప్పూ కాదు. చెంచా కాడతో మడత విప్పి, చుట్టూ వేలితో నొక్కుకుంటూ వచ్చింది. రెండుసార్లు జారింది. మూడోసారి నిలిచింది. మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ గోడవతల మళ్లీ చూసుకుంది. రెండు పక్కలా మిషన్ దూరంగా పోయింది. మేడమ్‌కు ఉన్నది ఉన్నట్టు రాసింది: మెత్త నేనే సరిగా వెయ్యలేదు.

ఆ పని అయ్యాక కూడా ఆమెకు స్థిమితం రాలేదు. "ఒంగోలు పోదాం నాయనా, చెవి డాక్టరు దగ్గరికి" అంది.

"నాకేం నొప్పి లేదే."

"నొప్పి లేకపోయినా పోదాం."

"పని పోద్ది."

"ఒక్క రోజు."

సరోజమ్మ ఇస్త్రీ చొక్కా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. దానితో మాటలు ముగిశాయి.

ఒంగోలులో ఆయన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. శబ్దం వినపడినప్పుడల్లా వేలు ఎత్తమన్నారు. స్టెల్లా అద్దం ఇవతల నుంచి చూస్తోంది. నాన్న మోకాలి మీద చెయ్యి పెట్టి, వేలు సిద్ధంగా ఉంచి, పరీక్ష రాసే పిల్లాడిలా ముందుకు వంగి కూర్చున్నాడు. పరీక్ష చేసే అమ్మాయి మీటలు తిప్పుతూనే ఉంది. వేలు లేవలేదు. మధ్యలో ఒకసారి, ఏమీ మోగని చోట, అనుమానంగా సగం లేచి మళ్లీ పడిపోయింది.

డాక్టరు తర్వాత చెప్పాడు. ఎడమది దాదాపు పోయింది, కుడిది సగం ఉంది, పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి. కుడి చెవికి వినికిడి మిషన్ పెడితే మాట అందుతుంది.

"నాక్కూడా చూస్తారా?" అని అడిగింది స్టెల్లా. అడిగేదాకా అడుగుతానని ఆమెకే తెలియదు.

ఆమె వేలు చకచకా లేచింది, ఎడమ పక్క సన్నటి శబ్దాల దగ్గర రెండు చోట్ల తప్ప. డాక్టరు కాగితం మీది గీతలో ఆ చోట పడ్డ చిన్న పల్లాన్ని పెన్నుతో చూపించాడు. "నీ మెడికల్‌కు ఇది అడ్డం కాదనుకుంటా. కానీ పెద్ద మోతల దగ్గర జాగ్రత్త. చిన్నప్పుడు ఎక్కడన్నా ఉన్నావా, అట్లాంటి చోట?"

విశ్వాసం ఆ మాట విన్నాడో, కాగితం చూసి గ్రహించాడో. తన చెవి గురించి చెప్పినప్పుడు కదలని మనిషి, తిరుగు బస్సులో తలవంచుకుని కూర్చున్నాడు. పొదిలి దాటాక, "నిన్ను ఆ మిషన్ పక్కన కూచోబెట్టింది నేనే గదా" అన్నాడు.

"ఇంకెక్కడ కూచోబెడతావు నాయనా? ఇంట్లో తలుపేసి పోతావా?"

"గోడవతల కూచోబెట్టొచ్చు. నిన్నగాక మొన్న ఆ వస్తువును నిలబెట్టించినా గదా. దాని విషయంలో తోచింది, నీ విషయంలో తోచలేదు."

స్టెల్లా ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు. మార్కాపురం వచ్చేదాకా కిటికీలోంచి ఎండిన చేలు చూస్తూనే ఉన్నాడు.

శనివారం ఆమె తిరిగి స్కూల్లో ఉంది. విమానం ఎక్కేముందు మెత్తల అంచుల చుట్టూ వేలు పోనిచ్చింది. మైకును పెదవి కొసకు దగ్గరగా, మాట వినే ముఖం తన వైపు ఉండేలా సర్దుకుంది. టవర్ చెప్పిన ప్రతి మాటకూ వెంటనే బదులిచ్చింది. దిగాక మేడమ్, ఒంటరిగా పోవచ్చని ఆమె పుస్తకంలో సంతకం పెట్టింది. పది రోజుల తర్వాత స్టెల్లా ఒంటరిగా ఊళ్లు దాటి ఎగిరి తిరిగొచ్చింది. మరుసటి నెల డాక్టరీ పరీక్ష కూడా గట్టెక్కింది.

చెవులు కప్పే తొడుగులు బ్రహ్మం ఫ్యాక్టరీకి తెప్పించాడు. అడిగింది విశ్వాసమే, తనకొక్కడికే కాదు, మిషన్ల మీద ఉండే ఆరుగురికీ. ఆయన కుడి చెవికి వినికిడి మిషన్ కూడా వచ్చింది. స్టెల్లా రోజూ పొద్దున ఫోను చేస్తుంది.

"తొడుగులు పెట్టుకుంటండావా నాయనా?"

"పెట్టుకుంటనే ఉండా."

వెనక నుంచి సరోజమ్మ గొంతు వస్తుంది. "మధ్యాన్నం దాకే. ఎండెక్కితే తీసి మెడలో వేసుకుంటాడు."

"చెమట పోస్తాంది పాపా, చెవులు ఉడికిపోతాండాయి" అంటాడాయన. "రేపటి నుంచి పెట్టుకుంటాలే."

స్టెల్లా వాదించబోతుంది. బయట ఇంజను స్టార్టవుతుంది, ఎవరో ఆమె పేరు పిలుస్తారు. ఫోను జేబులో పెట్టి విమానం వైపు పోతూ, మార్కాపురంలో ఇప్పుడు ఎండ ఎంత ఉందో లెక్కేసుకుంటుంది.