అమ్మవారనుకుని ఆపిన గోళీ

“ఈ గోళీ నీకు పడకపోతే ఎట్లరా?” అన్నాను, మందులు ఇంకా కొననే లేదు.

మా వినోద్ దామరచర్లలో కరెంటు ప్లాంటు పనికి పోతాడు. అక్కడ ఫిట్స్ వచ్చి పడిపోతే, మిర్యాలగూడ డాక్టరు గోళీలు రాశాడు.

“గ్లూకోజ్ నీళ్లకు గూడ బుగులుపడి గిదే మాటంటవు గదనే అమ్మా!” అని నవ్వాడు వాడు.

మునగాలలో మా ఇంటికొచ్చి గోళీలు వేసుకుంటుండగా, కొన్నాళ్లకు జ్వరం పట్టుకుంది. ఒంటినిండా మచ్చలు, పెదవుల మీద పొక్కులు. కోదాడ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ లక్ష్మీకాంతమ్మ చూడగానే లెంపలు వేసుకుంది.

“అమ్మవారు పోసింది వదినా! తాలింపు పెట్టకు. మందుబిళ్ల ముట్టించావా, తల్లికి కోపమొస్తుంది.”

డాక్టరు కోపం కంటే తల్లి కోపమంటేనే నాకు భయం. గోళీలు అటకెక్కించి, పక్క మీద వేపాకు పరిచాను. మర్నాడు వాడు పక్కకు ఒత్తిగిలితే, వీపు తోలు ఆకులతోపాటే ఊడివచ్చింది. కళ్లు అంటుకుపోయాయి, నోట్లోనూ పుండ్లు. కేకలు పెడుతూ సూర్యాపేట పెద్ద దవాఖానకు తీసుకుపోయాం.

“ఫిట్స్ గోళీ పడక గిట్లయింది. ఇంకా ఏస్తున్నరా?” అంది డాక్టర్ ఊర్మిళ.

“లేదమ్మా. అమ్మవారని ఆపిన.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “ఆపుడు మంచిదైంది. వేపాకు మీద పండవెట్టుడు తప్పు. నిన్ను తిట్టాల్నో మెచ్చుకోవాల్నో సమజైతలేదు.”

“తిట్టుండ్రి మేడమ్, అలవాటే. బిడ్డ మాట్లాడ్తడా? కండ్లు కనవడ్తయా?”

“పుండ్లు ఆరినంకనే చెప్తా.”

సిస్టర్ నవనీత కాలిన ఒంటికి చేసినట్టే చేసేది. వాసెలిన్ గుడ్డలు పరిచేది, కళ్లలో చుక్కలు వేసేది, ముక్కు గొట్టంలో పాలు పోసేది. నోరంతా పుండై వాడు పలకడం లేదు. అందుకని వాడి మాటలు కూడా నేనే మాట్లాడేదాన్ని. “సలి పెడ్తుందా? పెడ్తది. కప్పాల్నా? వద్దు, గుడ్డ అంటుకుంటది.”

కొన్నాళ్లకు లేత గులాబీ రంగు చర్మం వచ్చింది. మాట మాత్రం రాలేదు.

ఒక పొద్దున నవనీత గుడ్డలు మారుస్తోంది. “మెల్లగ బిడ్డా! చేతులు కడిగినవా? కత్తెర జర దూరం వెట్టు. ఫ్యాను ఊడిపడదు గద?” అంటూనే ఉన్నాను.

ఆమె చేతులు ఆపింది. “వినోదన్నా, మీ అమ్మను జరసేపు బయట కూసోబెట్టాల్నా?”

వాడి పెదవులు కదిలి ఆగాయి. ఈసారి వాడి జవాబు నేను చెప్పలేదు. కనురెప్ప సందులోంచి వాడి చూపు గదంతా వెతికి, నా మీదికొచ్చి ఆగింది.

“వద్దు సిస్టర్...” అన్నాడు. “గాడ కూసుంటే ఇంకింత బుగులు పడ్తది.”