ఎక్కేది మాత్రం నేర్పింది

హులిగమ్మ పెనం మీద జొన్నరొట్టె తిప్పుతుండగా దుర్గప్ప ఆ మాట చెప్పినాడు.

"ఆదోనికి ఏజెంటు వచ్చినాడంట. మస్కట్టులో ఖర్జూరం తోటలకు చెట్లెక్కే మొగోళ్ళు కావల్లంట. రెండేండ్ల వీసా."

చెప్పింది తల్లి భీమక్కతో. పెళ్ళై ఆరేళ్ళయినా ఏ సంగతైనా తల్లితోనే చెప్పడం అతనికి అలవాటు. హులిగమ్మ పొయ్యి దగ్గర ఉంటుంది కాబట్టి, పొగ కళ్ళల్లో పడినట్టు ఆ మాటలు ఆమె చెవిలో పడుతుంటాయి.

"నీకు చెట్టెక్కేది యాడొచ్చురా?" భీమక్క నవ్వింది. "మీ నాయన మిల్లుపనికి పోయినప్పటి నుంచి మనింట్లో మోకు ముట్టినోడే లేడు."

"ఈడిగోని కొడుకును, చెట్లు గీసే కులం. రక్తంలో ఉండదా?"

హులిగమ్మ తల వంచుకుని రొట్టె మీద నీళ్ళు తడిమింది. రక్తంలో ఉండేదైతే తన రక్తంలో ఉంది. దేవనకొండ దిక్కు పల్లెలో ఆమె తండ్రి తిక్కయ్య ఈతచెట్లు గీసేవాడు. కొడుకులు లేరు. బిడ్డకు ఎనిమిదో ఏట నడుముకు మోకు కట్టి చెట్టెక్కించినాడు. పెద్దమనిషి అయ్యేదాకా ఆ పిల్ల నేల మీదకంటే చెట్ల మీదే ఎక్కువ ఉండేది. అయిన రోజు తల్లి ఆ మోకు తీసి అటక మీద పారేసింది. "చెట్లెక్కినావని ఎవరికీ చెప్పగాకు, నిన్ను చేసుకునేటోడు దొరకడు" అంది. హులిగమ్మ ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు వానల్లేవు. వేరుశనగ బుడ్డలు పండలేదు, ఎమ్మిగనూరులో దుర్గప్ప పనిచేసే బుడ్డల మిల్లు మూసేసినారు. పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటున్నాడు. మొగోడు ఇంట్లో ఉంటే ఎంత పని పెరుగుతుందో అప్పుడు తెలిసింది ఆమెకు. కడవ మోచేతికి తగులుతున్నా నీళ్ళు ఆమే ముంచి ఇయ్యాల. పప్పులో ఉప్పు తగ్గితే మాట అనడు, అన్నం తట్ట ముందుకు తోస్తాడు, ఆమె లేచి తెస్తుంది. ఎవరన్నా వచ్చి కూర్చుంటే, ఆమె నోరు తెరిచీ తెరవకముందే "దానికేం తెలుసులే" అంటాడు. భీమక్క ఆ మాటకు తన వంతు కలుపుతుంది, "కడుపు పండేది కూడా తెల్దు పాపం." కొట్టేవాడు కాదు. కొట్టి ఉంటే నలుగురికి చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉండేది. తట్ట తోసినాడని ఎవరితో చెప్పుకుంటుంది?

ఆ పూట రొట్టెలు కాలుతున్నంతసేపూ ఆమె మనసులో ఒకటే మాట. రెండేండ్లు. రెండేండ్లు ఈ ఇంట్లో తట్ట తోసే చెయ్యి ఉండదు. అట్లా అనుకున్నందుకు తనకే భయమేసింది. కట్టుకున్నోడు దేశం దాటి పోవాలని ఏ ఆడదన్నా కోరుకుంటుందా? కానీ ఆ కోరిక పోలేదు.

మరుసటి రోజు అతను ఒక్కడే ఉన్నప్పుడు చెప్పింది, "నేను నేర్పిస్తా."

దుర్గప్ప ముందు నవ్వినాడు. ఊరి బయట నీళ్ళెండిన వంక దగ్గరికి తీసుకుపోయి, చీర కచ్చపోసి, ఆమె ఈతచెట్టెక్కి మట్టలు నరికి దిగినాక నవ్వు ఆగింది. చుట్టూ ఎవరన్నా ఉన్నారేమోనని చూసినాడు. తర్వాత అన్నాడు, "ఊర్లో తెలియగూడదు. పెండ్లాం కాడ నేర్చుకున్నాడంటే తలెత్తుకోలేను."

పొరక మట్టలు కోసుకొస్తామని భీమక్కకు చెప్పి రోజూ తెల్లవారి ఇద్దరూ వంకకు పోయేవాళ్ళు. ఆ గంట సేపు లోకం తలకిందులయ్యేది. "నడుము వెనక్కి వాలించు. మోకును నమ్ము. చేతులతో కాదు, పాదాలతో ఎక్కు" అని ఆమె చెప్తుంటే చిన్నపిల్లోడిలాగా విన్నాడు. ఇంటికొచ్చి అరుగెక్కగానే "నీళ్ళేవి?" అనేవాడు.

ఎక్కేది బాగానే పట్టుబడింది. దిగేది రాలేదు. ఎక్కేటప్పుడు ఆకాశం చూస్తాడు, దిగేటప్పుడు నేల కనిపిస్తే తొందరవుతుంది. సగం దిగి మోకు వదిలేసి దూకేవాడు. వంకలోని ఈతచెట్లు పొట్టివి. కింద ఇసుక. దూకినా ఏమీ కాదు. కానీ ఖర్జూరం చెట్లు పొడుగని, కొన్ని ముగ్గురు మనుషుల ఎత్తుంటాయని ఏజెంటు చెప్పినాడు. వంక మలుపులో ఒక పొడుగు చెట్టుండేది. దాన్ని ఎక్కించి చివరిదాకా మోకుతోనే దింపితే తప్ప ఆ తొందర పోదని హులిగమ్మకు తెలుసు. తండ్రి ఆమెకు ఎక్కేది నేర్పినదానికంటే దిగేది నేర్పిందే ఎక్కువ.

ఆ చెట్టు దగ్గరికి ఒకసారి తీసుకుపోయింది కూడా. దుర్గప్ప తలెత్తి చూసినాడు. ముఖంలో రంగు మారింది. "ఇంత పొడుగుంటాయా ఆడ?" అన్నాడు మెల్లగా.

ఆ ఒక్క ప్రశ్నతో ఆమె గుండె జారింది. అతనికి ఏదో అవుతుందని కాదు. భయపడి పోనంటాడేమోనని.

"అన్నీ ఇట్లా ఉండవులే" అంది. "చాలు, నువ్వు నేర్చుకున్నావు."

ఆదోని బయట ఒక తోటలో పరీక్ష పెట్టినారు. ఏజెంటు ఎక్కేది చూసినాడు, మట్ట నరికేది చూసినాడు. దిగేటప్పుడు తరువాతి మనిషిని పిలుస్తున్నాడు. సద్దిమూట పట్టుకుని గట్టు మీద కూర్చున్న హులిగమ్మ, ధైర్యం చేసి అడిగింది, "ఆడోళ్ళకు చెట్ల వీసా ఇయ్యరా అన్నా?"

ఏజెంటు నవ్వినాడు. "ఆడోళ్ళకు ఇంటిపని వీసా ఉందమ్మా. వంట, అంట్లు, పిల్లోళ్ళను చూసుకునేది. పోతావా?"

"దానికి అంత దూరం పోవల్లనా? ఈడ తక్కువైందా?"

అందరూ నవ్వినారు. దుర్గప్ప నవ్వలేదు. దారిలో, "పదిమందిలో నోరు లేస్తాంది నీకు" అన్నాడు.

పాసుపోర్టు వచ్చింది, బొంబాయిలో డాక్టరు పరీక్ష అయింది, వీసా చేతికొచ్చింది. బయల్దేరే రోజు ఆదోని స్టేషన్లో రైలు కదిలేటప్పుడు దుర్గప్ప కిటికీలోంచి మొదటిసారి ఆమె వైపే చూసి, "పోయొస్తానే" అన్నాడు. దిగేటప్పుడు దూకొద్దు అన్న మాట ఆమె నాలుక చివర ఉంది. చెప్పితే భయం గుర్తొస్తుందేమో, దిగిపోతాడేమో అనిపించింది. "జాగ్రత్త" అంది. రైలు పోయింది.

ఆ తర్వాతి నెలలు ఎంత బాగున్నాయో చెప్తే పాపం తగులుతుంది. వేడి రొట్టె పెనం మీదినుంచి తీసి తినేది. ఎవరూ పిలవకుండా ఒక పూటంతా గడిచేది. పెద్దకడుబూరు పొలాల్లో పత్తి తీయడానికి పోయి, ఆడోళ్ళతో కలిసి కడుపు పట్టుకుని నవ్వేది. భీమక్క కూడా మెత్తబడింది. చూసేవాడు లేకుంటే అత్తకు కోడల్ని ఎందుకు తిట్టాలో తోచేది కాదు. ఒకనాడు కోడలి తలకు నూనె పెడుతూ, "వాడు లేకుంటే ఇల్లు ఇంత పెద్దగా ఉందే" అంది. ఇద్దరూ ఉలిక్కిపడి చూసుకున్నారు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఎండాకాలంలో తెలిసింది, దుర్గప్ప చెట్టు మీదినుంచి పడినాడని. తుంటి విరిగింది. పని చేయించుకున్నవాళ్ళు ఆడనే ఆపరేషన్ చేయించి, వీసా రద్దు చేసి పంపించేసినారు. ఇద్దరి భుజాల మీద చేతులేసి గుమ్మం దాటినాడు.

"ఎట్లా పడినావురా?" భీమక్క గుండెలు బాదుకుంది.

"గాలి" అన్నాడు దుర్గప్ప.

భీమక్క గాలిని తిట్టింది, అరబ్బు దేశాన్ని తిట్టింది, చివరికి కోడలి పాదాన్ని తిట్టింది. అన్ని తిట్లలోనూ అసలుది మాత్రం ఆమెకు దొరకలేదు. హులిగమ్మ ప్రతి తిట్టునూ వింటూ, ఇంకా ఏదో మిగిలిందన్నట్టు నిలబడేది. గాలి కాదని ఆమెకు తెలుసు. సగంలో మోకు వదిలి ఉంటాడు. పొడుగు చెట్టు, కింద గట్టి నేల.

హులిగమ్మ అతన్ని ఎత్తి కూర్చోబెట్టింది, ఒళ్ళు తుడిచింది, మలమూత్రాలు ఎత్తింది. తట్ట తోస్తే గబగబా లేచింది. మునుపు ఆ తట్ట నేల మీద గీసిన చప్పుడుకు పళ్ళు కొరుక్కునేది, ఇప్పుడది సమంజసమే అనిపించేది. "హులిగమ్మ మగని సేవ చూసి నేర్చుకోవల్ల" అని వీధిలో ఆడోళ్ళు కోడళ్ళకు చెప్తుంటే ఆమెకు ఎక్కడికైనా పారిపోవాలనిపించేది. అది సేవ కాదని, జుర్మానా అని ఎవరితో చెప్తుంది?

రెండేళ్ళకు దుర్గప్ప కర్ర మీద నడిచినాడు. అప్పుడే ఏజెంటు మళ్ళీ వచ్చినాడు. చుట్టుపక్కల వయసు పిల్లోళ్ళు దుర్గప్పను వెతుక్కుంటూ వచ్చినారు, మస్కట్టులో చెట్లు చేసినోడని. అతని ముఖంలో ఎన్నడూ లేని వెలుగు. వంక దగ్గర మంచం వేయించుకుని కూర్చుని, కర్రతో చూపిస్తూ చెప్పేవాడు. ఆమె చెప్పిన మాటలే. "నడుము వెనక్కి వాలించు. మోకును నమ్ము." మంచినీళ్ళు తెచ్చి ఇస్తూ హులిగమ్మ వినేది. తన మాటలు అతని నోట్లో బాగానే ఉన్నాయనుకునేది.

పెద్దకడుబూరు నుంచి వచ్చే యేసేపు అందరికంటే చురుకు. పెళ్ళై నాలుగు నెలలు కూడా కాలేదు. ఆ పొద్దు సర్రున ఎక్కినాడు, మట్టలు నరికినాడు, సగం దిగి మోకు వదిలి దూకినాడు. ఇసుకలో పడి, లేచి నవ్వినాడు.

"భేష్!" అన్నాడు దుర్గప్ప. "అట్లా దిగితే టయిం మిగుల్తాది."

నీళ్ళ చెంబు ఇయ్యబోతున్న హులిగమ్మ ఆగిపోయింది. మొగుని వైపు చూసింది. విరిగిన తుంటి పెట్టుకుని ఆ మాట ఎట్లా అన్నాడు? గాలి అని చెప్పి చెప్పి తనే నమ్మినాడా? ఇప్పుడు తను నోరు మూసుకుంటే ఇంకో రైలు పోతుంది, యేసేపు పెండ్లాం, ఆ పిల్ల ఎవరో, స్టేషన్లో నిలబడి చెయ్యి ఊపుతుంది. నోరు తెరిస్తే ఇంతమంది ముందు దుర్గప్పకు మిగిలిన ఆ కాస్త గౌరవం మట్టిలో కలుస్తుంది.

చెంబు కింద పెట్టింది. చీర కచ్చపోసింది.

"యేసేపూ, మోకు ఇట్లా ఇయ్యి."

"మే, ఏం చేస్తాండావు?" దుర్గప్ప కర్ర పట్టుకుని లేవబోయినాడు.

ఆమె మలుపులోని పొడుగు చెట్టు దగ్గరికి పోయింది. పిల్లోళ్ళు వెనకాలే వచ్చినారు. ఎక్కింది. పైన గాలి గట్టిగానే ఉంది, అయినా చెట్టు మనిషిని తోసేయలేదు. అక్కడినుంచి అరిచి చెప్పింది, "ఎక్కేది ఎవరైనా ఎక్కుతారు. దిగేది చూడండి." మోకు జానెడు దించి, వెనక్కి వాలి, పాదం దించింది. మళ్ళీ జానెడు. నేల దగ్గరికొచ్చినా తొందరపడలేదు. రెండు పాదాలూ ఇసుకలో ఆనినాకే మోకు విప్పింది.

యేసేపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "అక్కా, ఇది దుర్గప్పన్నకు ఎవరూ చెప్పలేదా?"

కర్ర మీద కుంటుకుంటూ దుర్గప్ప అప్పటికి అక్కడికి చేరినాడు. ఆయాసపడుతున్నాడు. హులిగమ్మ జవాబు యేసేపుకు చెప్పలేదు. మొగునికి చెప్పింది.

"చెట్టెక్కేది నీకు నేర్పింది నేను. దిగేది రాలేదని తెలుసు. తెలిసే చాలన్నాను. నువ్వు పోవల్లని."

దుర్గప్ప పిల్లోళ్ళ వైపు చూసినాడు, ఆమె చేతిలోని మోకు వైపు చూసినాడు. కొడతాడనుకుంది. తిడతాడనుకుంది. దేనికైనా నిలబడి ఉంది. అతను వెనక్కి తిరిగి, కర్ర ఊనుకుంటూ ఇంటిదారి పట్టినాడు.

చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. భీమక్కతో కూడా. భీమక్కకు సంగతి ఊరంతా చెప్పింది, ఊరంతా తలా ఒక మాట అనింది. తప్పు చేసినానన్న బాధ హులిగమ్మను వదల్లేదు. అది ఇంక పోదని ఆమెకు అర్థమైంది. కానీ తట్ట ముందుకు తోసినప్పుడు ఆమె లేవలేదు. రొట్టె తింటూనే ఉంది. కాసేపటికి దుర్గప్పే కర్ర తీసుకుని లేచి ఉప్పు తెచ్చుకున్నాడు.

పైవారం యేసేపు, ఇంకో ఇద్దరూ గుమ్మంలోకి వచ్చి, "అన్నా, దిగేది ఇంకోసారి..." అని నసిగినారు.

దుర్గప్ప తలెత్తలేదు. "నన్నెందుకు అడిగేది?" అన్నాడు. "ఆమెనడగండి."

అది కోపమో, ఇంకేమన్నానో హులిగమ్మకు తెలియలేదు. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, సగం కాలిన రొట్టెను పెనం మీదే వదిలేసి, వాళ్ళతో వంకకు బయల్దేరింది.