నాన్నకు తేలికైన కెమెరా

నాన్న మళ్లీ కెమెరా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది కూడా పాడుదే. లెన్స్‌లో ఏదో ఉంది, చూడు."

ఏమీ లేదు. దాన్ని విప్పి, తుడిచి, బిగించింది నేనే. ఆ పని నాకు నేర్పింది ఆయనే. ఈ కొట్లో కూర్చుని జీవితమంతా ఎవరెవరి కెమెరాలనో బాగుచేశాడు. వాళ్లంతా వాటిని మెళ్లో వేసుకుని ఎక్కడెక్కడో తిరిగొచ్చారు. ఈయనకు మాత్రం, పరీక్ష కోసం తీసినవి తప్ప, తనదంటూ ఒక్క ఫొటో లేదు. ఇప్పుడు చేతులు వణకడం మొదలయ్యాక, కొండల మీదుగా వారాల తరబడి నడుస్తానని పట్టుబట్టాడు. వణుకు పెరిగేదే కానీ తగ్గేది కాదని డాక్టర్ చెప్పేశాడు. అందుకే ఆ తొందర.

"పైన కనుమ దగ్గర నేను తీసిన ఫొటో ఒక్కటుండాలే. ఒక్కటి చాలు," అంటాడు.

ఫోన్‌తో తియ్యొచ్చుగా అన్నందుకు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

పాత ఇనుప కెమెరాలు బరువు. ఆ బరువే చేతిని కాస్త నిలబెడుతుంది. కానీ అది మోస్తే నాన్న మోకాళ్లు మొదటి ఎత్తు దగ్గరే మొరాయిస్తాయి. ప్లాస్టిక్‌ది జేబులో పడేసుకోవచ్చు, కానీ అది చేతితోపాటే వణుకుతుంది. స్టూలు మీద ఆనించినా మీట నొక్కే వేలే ఊగిపోతుంటే ఏం లాభం? బరువుదైతే మోయలేడు, తేలికదైతే తీయలేడు. ఈ ముక్క ఆయనకు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. చెప్పలేక, కనబడిన ప్రతి మనిషి మీదా కసురుకుంటున్నాను.

మా కొట్టుకో పద్ధతుంది. బాగుచేసిన మనిషి పరీక్షించకూడదు. రెండో మనిషి గుమ్మంలో నిలబడి ఎదురుగా ఉన్న సెలూన్ బోర్డును ఫొటో తీయాలి. ఫిల్మ్ కడిగి భూతద్దం కింద పెడితే అక్షరాలు చదవగలగాలి. చిన్నప్పుడు నన్ను ఆ బోర్డు కింద నిలబెట్టి "కదలకు!" అని అరిచేవాడు నాన్న. ఇప్పుడు నేను బాగుచేస్తాను, ఆయన తీస్తాడు. ఈ మధ్య ఆయన తీసిన ఏ బోర్డులోనూ అక్షరం అక్షరంలా లేదు.

"షట్టర్ బిగుసుకుందేమో," అన్నాడు.

"చూస్తాలే."

"చూస్తాలే కాదు, చూడు. నీకీ మధ్య పని మీద బొత్తిగా ధ్యాస లేదు."

ఒళ్లు మండిపోయింది. "అవును నాన్నా, నాకే ధ్యాస లేదు! కొట్లో కెమెరాలన్నీ కూడబలుక్కుని ఒకేసారి పాడైపోయాయి, పాపం!"

అనేసి నాలుక కరుచుకున్నాను. ఆయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఆయన మందులకని వెళ్లినప్పుడు, అన్నింటిలోకీ తేలికైన నల్ల కెమెరా తీసుకుని గుమ్మంలో నిలబడి బోర్డును నేనే తీశాను. పద్ధతి గంగలో కలిసింది. ఆయన అంతకుముందు సాయంత్రం దాంతోనే తీసిన రీలును చెత్తబుట్టలో పడేసి, నేను తీసినది కడిగి ఆరబెట్టాను.

"ఇదిగో, నిన్న నువ్వు తీసింది," అంటూ చేతికిచ్చాను.

నాన్న భూతద్దం మీద వంగి చాలాసేపు చూశాడు. ఏముందా అని నేనూ తొంగిచూశాను. బోర్డు కింద గుమ్మంలో సెలూన్ ఆయన నా వైపు చెయ్యెత్తి నవ్వుతున్నాడు. ఆయనకూ నాన్నకూ ఏళ్లుగా మాటల్లేవు. నాన్న గుమ్మంలోకొస్తే చాలు, మొహం తిప్పుకుని లోపలికి పోతాడు.

"బాగా వచ్చింది," అన్నాడు నాన్న చివరికి. "అక్షరాలన్నీ ఉన్నాయి. వాడి పళ్లు కూడా."

తిడతాడని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన ఫిల్మ్‌ను జాగ్రత్తగా చుట్టి నా ముందు పెట్టి, ఆ నల్ల కెమెరాను సంచిలో వేసుకున్నాడు.

బయల్దేరే రోజు కొత్త రీలు నేనే ఎక్కించాను. బస్టాండులో, బస్సు కదలబోతుంటే, కెమెరాలోంచి ఆ రీలు తీసి, కిటికీలోంచి చెయ్యి చాపి నా అరచేతిలో పెట్టాడు.

"ఇదేంటి నాన్నా?"

"ఉంచు. బరువు."

"ఇదేం బరువు? అగ్గిపెట్టెంత లేదు!"

"మోసేది నేను కదమ్మా."

"ఎక్కించుకో నాన్నా, నీకు దణ్ణం పెడతాను. మసగ్గా వస్తే రానీ, ఏమీ కనబడకపోతే పోనీ. నాకు కావాలి!" చుట్టూ జనం చూస్తున్నా ఏడుస్తూ బతిమాలాను. కిటికీ చువ్వల్లోంచి రీలు లోపలికి తోశాను. ఆయన నెమ్మదిగా మళ్లీ నా గుప్పిట్లోనే పెట్టి మూశాడు. ఆయన చేతిలో నా చెయ్యి కూడా వణికింది.

బస్సు కదిలింది. నాన్న ఖాళీ కెమెరాను కంటికి ఆనించుకున్నాడు. అది పైకీ కిందికీ ఊగిపోతోంది.

"కదలకు!" అని అరిచాడు.

బస్సు మలుపు తిరిగేదాకా నేను కదల్లేదు.