అమ్మ పిడి – ముట్టుకోవద్దు

మా వర్క్‌షాపులో తయారయ్యే ప్రతి జగ్గుకీ, మగ్గుకీ, బకెట్ మూతకీ ఉండే పిడి మా అత్తయ్య చేతి కొలత.

మా ఆయన ప్లాస్టిక్ మోల్డుల పని మొదలుపెట్టిన కొత్తలో, మొదటి జగ్గుకి పిడి ఎంతుండాలో తేల్చుకోలేక వంటింట్లోకి వెళ్లాడు. వాళ్లమ్మ చేతిలో పిండి ముద్ద పెట్టి గట్టిగా పట్టుకోమన్నాడు. ముద్ద మీద పడ్డ వేళ్ల గుర్తుల్ని కొలిచి కంప్యూటర్లో గీశాడు. ఆ జగ్గు బాగా అమ్ముడుపోయింది. అంతే, ఆ ఫైలు మాకు ఇలవేల్పు అయి కూర్చుంది. కొత్త వస్తువు ఏది చెయ్యాలన్నా మొదటినుంచీ గీసే పని లేదు. ఆ ఫైలునే టెంప్లేట్‌గా తెరిచి, పొట్ట పెంచి, ఎత్తు తగ్గించి, దానికే ముడిపెట్టి వేరే పేరుతో దాచుకోవడమే. మోల్డు పలకలు, దాన్ని చల్లబరిచే నీటి దారులు, తయారైన వస్తువును బయటికి నెట్టే పిన్నులు, అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. సర్దుకోనిది పిడి ఒక్కటే. దానికి మా ఆయన పాస్‌వర్డ్ పెట్టాడు. ఫైలుకి ‘అమ్మ పిడి – ముట్టుకోవద్దు’ అని పేరు కూడా పెట్టాడు.

డిజైన్లు గీసేది నేను. పెద్ద చెత్తడబ్బాకి కూడా అదే పిడి పెట్టమన్నప్పుడు, ఏనుగుకి పిల్లి చెవి తగిలించినట్టుందని చెప్పి చూశాను. ఆయన చెవిన పెట్టలేదు. అత్తయ్య ఆ చెత్తడబ్బాని కూడా ఇంటికొచ్చిన చుట్టాలకి తిప్పి తిప్పి చూపించింది.

ఇలా ఉండగా ఒక క్యాంటీన్ల యజమాని నీళ్ల జగ్గులు చూడ్డానికి వచ్చాడు. అది చిన్నా చితకా ఆర్డరు కాదు. కొన్న నాటినుంచీ దుప్పటి కప్పుకుని పడుకున్న మా కొత్త మెషీను, ఆ ఆర్డరొస్తేనే లేస్తుంది. మనిషి భారీగా ఉన్నాడు, వేళ్లు అరటిపళ్లలా ఉన్నాయి. జగ్గు పట్టుకుని చూశాడు, బరువు బాగుందన్నాడు, మూతి బాగుందన్నాడు. తర్వాత బల్ల మీద పెట్టబోతే అది చేతిని వదల్లేదు.

ఆయన గుంజాడు. మా ఆయన ఇటునుంచి గుంజాడు. ఈలోగా వచ్చినాయన ఫోను మోగితే ఎడమ చేత్తో తీసి, జగ్గు తొడుక్కున్న కుడి చెయ్యి ఊపుతూ ఎవరినో గట్టిగా కోప్పడ్డాడు. చివరికి ఫిట్టరు వచ్చి సబ్బునీళ్లు పోసి ఊడదీశాడు.

“చూడు బాబూ, నేను జగ్గులు కొనడానికొచ్చాను. జగ్గుని కట్టుకోవడానికి రాలేదు,” అన్నాడాయన వేళ్లు తుడుచుకుంటూ. “మనుషుల చేతులకి పట్టేది చేసి ఈ వారంలో నమూనా పంపితే సరే. లేకపోతే వేరేచోట చూసుకుంటా.”

ఆ సాయంత్రం ఇంటికెళ్లే దారిలో మా ఆయన్ని పాస్‌వర్డ్ చెప్పమన్నాను. ఇన్నేళ్లలో ఆ పిడి గురించి ఒక్కరూ ఏమీ అనలేదన్నాడు. అనేవాళ్లు మళ్లీ మన గుమ్మం తొక్కి ఉండరన్నాను. అసలు సంగతి అప్పుడు బయటపడింది. పిడి మారుస్తున్నామని అమ్మకి చెప్పడం ఆయనవల్ల కాదట, నన్ను చెప్పమన్నాడు. మీ అమ్మేగా అంటే, నీకు అత్తయ్యేగా అన్నాడు.

భోజనాల దగ్గర ఇద్దరం ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటూ కూర్చున్నాం. అత్తయ్య నీళ్లు పోస్తోంది. మా వర్క్‌షాపు జగ్గుని రెండు చేతులతో పొట్ట దగ్గర పట్టుకుని, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించి పోస్తోంది. రోజూ అలాగే పోస్తుంది. పింగాణీ సామానేమో అన్నంత జాగ్రత్త అనుకునేదాన్ని.

“అత్తయ్యా, ఒకసారి పిడి పట్టుకుని పొయ్యండి.”

“గ్లాసులో నీళ్లు పడ్డాయా లేదా? ఎలా పోస్తే నీకెందుకు?”

“నీ చెయ్యేగా అమ్మా, పట్టుకో,” అన్నాడు మా ఆయన, ఏమీ తెలియక.

ఆవిడ పంతానికి వేళ్లు దూర్చింది. రెండు దూరాయి. మూడోది కణుపు దగ్గర ఆగిపోయింది. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు.

“కొలవడం చేతకాలేదు నీకు,” అంది కొడుకుతో.

మళ్లీ సబ్బునీళ్లు. కింద గిన్నె పెట్టుకుని, మా ఆయన ఆ వేళ్లని ఒక్కొక్కటిగా బయటికి తీశాడు. కణుపులు వాచి ముడులు పడి ఉన్నాయి. ఎన్నాళ్లనుంచి ఇలా ఉన్నాయని అడిగాడు.

“నాకేం తెలుసురా. నువ్వు నా చెయ్యి పట్టుకుని చూసింది, ఆ పిడి చేసినప్పుడేగా.”

ఆయన తల దించుకున్నాడు. నేను కూడా ఎందుకో నా కంచంలోకి చూసుకున్నాను. అత్తయ్య మాత్రం చెయ్యి తుడుచుకుని నావైపు తిరిగింది.

“మీ మోచేతులు చూస్తూనే ఉన్నాను. పిడి మార్చాలి, అంతేనా? ఇంకెవరి చెయ్యో పెట్టారంటే మాత్రం ఊరుకోను. పిండి తడుపు. ఈసారి నువ్వు కొలువు. ఉన్నది ఉన్నట్టు కొలువు, అందాలు దిద్దకు.”

తడిపాను. అత్తయ్య ముద్దని పిసికిన పిసుకుడు చూస్తే, ఇన్నాళ్ల కోపం దాని మీదే తీర్చుకున్నట్టుంది. మర్నాడు మా ఆయన తన పాస్‌వర్డ్ తనే కొట్టాడు, నేను చూడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ. కొత్త కొలతలు ఎక్కించాను. టెంప్లేట్ మారగానే జగ్గు మారింది, మగ్గు మారింది, చివరికి చెత్తడబ్బాకి కూడా కాస్త మర్యాదగల పిడి వచ్చింది.

త్రీడీ ప్రింటరులో తీసిన నమూనా జగ్గుని క్యాంటీన్లాయన మొదట ఒక్క వేలితో, అనుమానంగా పట్టుకున్నాడు. తర్వాత చెయ్యంతా పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టి తీశాడు. ఆర్డరు రాయించాక, ఇది ఎవరి డిజైనని అడిగాడు. మా అమ్మదన్నాడు మా ఆయన. నేను అనాల్సింది ఇంటికెళ్లాక అన్నాను.

ఆర్డరొచ్చిన ఆ రోజే అత్తయ్య తనే వర్క్‌షాపుకి వచ్చి, నమూనా జగ్గుని కుడి చేత్తో పిడి పట్టుకుని, దాహం వేసినవాళ్లకీ వెయ్యనివాళ్లకీ నీళ్లు పోసింది. పోస్తూ పోస్తూ నా బల్ల దగ్గర ఆగింది. మా ఆయన నా భుజం మీదుగా వంగి, కొత్త ఫైలుకి మళ్లీ పాస్‌వర్డ్ పెట్టబోతున్నాడు.

“తాళం వెయ్యకురా,” అంది. “ఈ వేళ్లు ఇక్కడితో ఆగుతాయని నీకెవరు చెప్పారు?”