లేహీ ముసలమ్మ సమాధి

అమెరికా వాళ్లు ఇంగ్లండుకు యాభై పాత యుద్ధ నౌకలిచ్చారు. దానికి బదులుగా సైనిక స్థావరాలకని వాళ్ల చేతికి వచ్చిన తీరాల్లో మా ఊరు అర్జెన్షియా కూడా ఉందని ఫాదర్ గారు ఆదివారం పూజ చివర చెప్పారు. ఇళ్లు ఖాళీ చెయ్యాలట. సమాధుల తోట కూడా ఖాళీ చెయ్యాలట. మన ఊరి వాటాకి ఓడలో పొగగొట్టమైనా వచ్చుంటుందా అని మా ఆయన ఫాన్స్‌ని అడిగాను. నవ్వలేదు.

సమాధులు తవ్వే పనికి ఊళ్లో మగవాళ్లనే పెట్టారు. ఫాన్స్ కూడా వెళ్లేవాడు. ఎముకల్ని కొత్త పెట్టెల్లో సర్ది, పేర్లు రాసి, కొండ అవతల ఫ్రెష్‌వాటర్ అనే ఊరికి పంపేవారు. పేర్ల జాబితా గుడి పుస్తకం చూసి తయారుచేశారు. అందులో మా బిడ్డ లేడు.

పదకొండేళ్ల కిందట ఊపిరి లేకుండానే పుట్టాడు. జ్ఞానస్నానం లేని బిడ్డకు మంత్రించిన నేలలో చోటుండదు. తండ్రి ఒక్కడే తీసుకెళ్లి కంచె బయట పూడ్చి వస్తాడు. ఎక్కడో తల్లికి చెప్పడు. చెబితే ఇక అక్కడే కూర్చుంటుందని మా ఊళ్లో భయం. నేనూ ఆరా తియ్యలేదు, అంత బుద్ధిమంతురాలిని మరి.

గురువారం నేల చదును చేసే యంత్రాలు వస్తున్నాయన్నారు. సోమవారం పొద్దున ఒక వెన్న పెట్టె కడిగి, లోపల తెల్ల ఫ్లానెల్ గుడ్డ పరిచాను. మధ్యాహ్నం భోజనానికొచ్చిన ఫాన్స్ ముందు దాన్ని పెట్టాను.

"బాబు ఎక్కడున్నాడో చూపించు. పోదాం పద."

ఫాన్స్ చెంచా కింద పెట్టేశాడు.

"కంచె బయట లేడు జీటా. ఆ రోజు నేల రాయిలా గడ్డకట్టింది. పార దిగలేదు. అంతకు రెండ్రోజుల ముందు లేహీ ముసలమ్మని పూడ్చారు చూడు, ఆ మట్టొకటే మెత్తగా ఉంది. అందులో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. పాపమని తెలుసు."

"అయితే ఇంకా మంచిదే. అక్కడికే పోదాం."

"పోయిన వారమే ఆవిడని తీశాం. తవ్వింది నేనే. వేళ్లతో మట్టంతా జల్లించాను. ఏమీ దొరకలేదు జీటా. అంత చిన్న ఎముకలు నిలవవట. ఒక దోసెడు మట్టి తీసి ఆవిడ పెట్టెలోనే పోశాను."

కూర చల్లారిపోతోంది, తిను అన్నాను. తిన్నాడు.

ఆదివారం ఫ్రెష్‌వాటర్ వెళ్లి లేహీ ముసలమ్మ కొత్త సమాధి ముందు మోకరించాను. బతికున్నన్నాళ్లూ ఆవిడకీ నాకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. అది ఊరంతటికీ తెలుసు. ఆవిడ కూతురు మోనికా వచ్చి వింతగా చూసింది.

"మా అమ్మ కోసం నువ్వొచ్చావా?"

"మీ అమ్మంటే నాకిష్టమే" అన్నాను.

మోనికా అక్కడే కూలబడి, నా చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నా కళ్లలో తడి లేదు. నా బిడ్డ దగ్గర కూర్చుని ఎవరో ఒకరు ఏడుస్తున్నారు కదా అనుకుని, ఆమె ఆపేదాకా చెయ్యి వదల్లేదు.