ఎడమ పక్క బల్ల

కంప్యూటర్ ఆటల్లో హింట్ బటన్ పెట్టినవాడెవడో ఒక్కసారి నాకు కనిపిస్తే బాగుండు. కూర్చోబెట్టి కడుపారా తిడతాను. బొమ్మలో దాచిపెట్టిన గొడుగు ఎక్కడుందో వెతుక్కుందామని నేను కళ్ళజోడు సవరించుకునే లోపే దాని చుట్టూ తళుకులు మెరుస్తాయి. నేనడిగానా నాయనా? వెతకడమే కదా ఆట. దొరికించి చేతిలో పెట్టాక ఇంక నాకేం మిగిలింది?

ఆటల విషయంలో నాకు చాలా పట్టింపులున్నాయి. ప్రాణాలు అయిపోయాయి, కొనుక్కోండి అని చెయ్యి చాచే ఆటని ఆ పూటే తీసిపారేస్తాను. ఒకే రంగు రాళ్ళు మూడేసి కలిపే ఆటల్లో పైనుంచి మొదలుపెట్టేవాళ్ళని చూస్తే నా చేతులు దురద పుడతాయి. కింది వరస కదిపితే పైవన్నీ వాటంతటవే పడతాయి కదా, ఆ మాత్రం తెలియదా? ఇక కంగారు లేకుండా ఆడుకోండి అని గడియారం తీసేసి ఇస్తారే, అది ఆటే కాదు. దానికంటే మంచమెక్కి పడుకోవడం నయం.

నాకిష్టమైంది కాఫీ కొట్టు ఆట. కొరియర్ ఆఫీసులో బిల్లులు కొట్టేటప్పుడు వాళ్ళు పక్కన పడేసిన పాత కంప్యూటర్ ఇంటికి తెచ్చుకున్నాను. అందులోనే ఉందది. మనుషులొచ్చి బల్లల దగ్గర కూర్చుంటారు, నెత్తిమీద ఎర్ర గుండెలు వెలుగుతుంటాయి, ఆలస్యమైతే ఒక్కొక్కటే ఆరిపోతాయి. అన్నీ ఆరిపోతే మూతి ముడుచుకుని లేచి వెళ్ళిపోతారు. మధ్యమధ్యలో కొట్టు ఎలా వచ్చింది, ఎవరి చేతిలో పెట్టారు అని ఏదో కథ చెబుతారు కానీ అది చదివే తీరిక నాకెక్కడిది? మా ఆయన నా వెనక నిలబడి, కోడి గింజలు పొడిచినట్టు ఆ టకటకలేమిటే అని వెక్కిరించేవారు.

ఆయనకి కటింగ్ షాపు ఉంది. రెండు కుర్చీలు. ఒకటి ఆయనది, రెండోది మా మరిదిది. జుట్టు కత్తిరించడంలో మా ఆయన చెయ్యి ఎలాంటిదో మా వీధి వీధంతా చెబుతుంది, నేను చెప్పుకుంటే బాగుండదు.

అలాంటి మనిషికి ఉన్నట్టుండి మెదడులో రక్తం గడ్డకట్టింది. కాళ్ళూ చేతులూ దక్కాయి, మాటా దక్కింది. పోయింది ఎడమ పక్క. ఎడమ చెయ్యి కాదు, ఎడమ పక్కన ఉన్న లోకం. కళ్ళు బాగానే ఉన్నాయట, కానీ ఆ వైపు కూడా ఏదో ఉంటుందన్న సంగతి మెదడు మర్చిపోయిందట. కంచంలో కుడి సగం తినేసి, కూర ఇంతేనా అని అడిగేవారు. నేను కంచం తిప్పిపెడితే మళ్ళీ తినేవారు. గడ్డం గీసుకుంటే కుడి చెంప నున్నగా, ఎడమ చెంప ముళ్ళకంపగా ఉండేది. అన్నిటికంటే నాకు ప్రాణం చివుక్కుమన్నది ఇంకోటి. నేను ఎడమ పక్కనే మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునుంటే, ఎక్కడికెళ్ళావే అని ఇల్లంతా వినబడేలా పిలిచేవారు. ఇక్కడే ఉన్నానండీ అని అనేదాన్ని. అని, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని.

మా మరిది మంచివాడు. ఉన్నమాట మొహం మీదే చెప్పాడు. కత్తితో ఆడుకోకూడదు వదినా, వచ్చినవాళ్ళ చెవులు నా బాధ్యత, ముందు నా జుట్టు కత్తిరించమనండి, మొత్తం తల, ఎవరూ చెప్పకుండా, అది సరిగ్గా వచ్చిన రోజే అన్నయ్య కుర్చీ అన్నయ్యది అన్నాడు. న్యాయమైన మాటే. షాపు లేకపోతే మా ఆయన ఉన్నా లేనట్టే. ఇంట్లో కూర్చుని, చొక్కా జేబులో దువ్వెన పెట్టుకుని, వీధిలో పోయేవాళ్ళ తలలు చూసి నిట్టూర్చే మనిషిని నేనెన్నాళ్ళని చూడను? ఆయన్ని ఆ కుర్చీ వెనక నిలబెట్టి తీరాలని ఆ రోజే పంతం పట్టాను.

వ్యాయామాలు నేర్పే అమ్మాయొకతె ఇంటికొచ్చేది. కాగితం మీద గీతలు గీసి అన్నీ కొట్టేయమనేది. చంటిపిల్లల చదువులా ఉంది, నాకొద్దు అని ఆయన అలిగి కూర్చునేవారు. పోతూ పోతూ ఆ పిల్ల నాకో చిట్కా చెప్పింది. ఎడమ అంచున ఎర్ర పట్టీ ఒకటి అంటించి, ఏ పనైనా ముందు దాన్ని వెతికాకే మొదలుపెట్టమనాలట. అది వినగానే నాకు కాఫీ కొట్టు గుర్తొచ్చింది. కంప్యూటర్ తెరకి ఎడమ అంచున ఎర్ర రిబ్బన్ అంటించి ఆయన్ని కూర్చోబెట్టాను.

మొదట్లో ఘోరంగా ఉండేది. కుడి బల్లల వాళ్ళకి క్షణంలో కాఫీ అందించేవారు. ఎడమ మూల బల్ల దగ్గర ఒకావిడ కూర్చుని, గుండెలన్నీ ఆరిపోయి, కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ వెళ్ళిపోయేది. అక్కడికెవరూ రాలేదు, ఈ ఆటలో మోసముంది అనేవారు. నాకు ఒళ్ళు మండింది. మోసమున్న ఆటని నేను గడప తొక్కనివ్వను, చూసుకుని ఆడండి అన్నాను.

అలా అని ఊరుకున్నానా? లేదు. పక్కనే కూర్చుని, ఎడమ చూడండి, ఎడమ, ఆ మూలావిడ వెళ్ళిపోతోంది అని అరవడం మొదలుపెట్టాను. అనగానే ఆయన తల తిప్పేవారు, కాఫీ అందించేవారు. ఒక మెట్టు దాటారు, ఇంకోటి దాటారు. నేను గాల్లో తేలిపోయాను. పక్కింటావిడకి చెప్పాను, మరిదికి కబురు పెట్టాను, సుబ్బరంగా చూస్తున్నారు, తల సిద్ధం చేసుకో అని.

షాపుకి వెళ్ళాం. మరిది గుడ్డ కప్పుకుని కూర్చున్నాడు. మీరు నోరు విప్పకూడదు వదినా అని ముందే చెప్పి నన్ను గుమ్మం దగ్గర కూర్చోబెట్టాడు. మా ఆయన కత్తెర పట్టుకోగానే ఆ చేతికి పాత వాటం వచ్చేసింది. కుడి పక్క ఎంత అందంగా వచ్చిందంటే నా కళ్ళు చెమర్చాయి. తర్వాత కత్తెర కింద పెట్టారు. గుడ్డ తీసి దులిపారు. మెడ వెనక చిన్న అద్దం పట్టి, ఎలా ఉందిరా అని అడిగారు.

ఎడమ పక్క ఒక్క వెంట్రుక తెగలేదు.

బాగుంది అన్నయ్యా అన్నాడు మరిది. బెంచీ మీద వంతు కోసం కూర్చున్నాయన మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వు విని మా ఆయన తమ్ముడి తల మీద అరచెయ్యి పెట్టి, కుడి నుంచి ఎడమకి మెల్లగా తడిమారు. ఎడమ చెవి మీద గుబురుగా జుట్టు తగిలింది. అక్కడే ఆ చెయ్యి ఆగిపోయింది. దువ్వెన తీసి జేబులో పెట్టుకుని బయటికి నడిచారు.

దారంతా లోపల నన్ను నేను చెడామడా తిట్టుకుంటున్నాను. ఇంతకాలం దేన్ని ఆడిపోసుకున్నానో, ఆ మాయదారి హింట్ బటన్ నేనే అయ్యాను. ఎడమ పక్కని ఆయన చూడలేదు. నా గొంతు చూసింది. షాపులో నా గొంతు లేదు, ఎడమా లేదు. ఇంత చిన్న సంగతి నా బుర్రకి తట్టకపోవడమేమిటి?

ఇంటికొచ్చాక ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను కంప్యూటర్ పెట్టాను.

“లేవండి. తప్పు మీది కాదు, నా నోటిది. ఇవాళ్టినుంచి నేను మాట్లాడను. ఓడిపోతే ఓడిపోండి, ఆ మూలావిడ వెళ్ళిపోతే వెళ్ళిపోనివ్వండి. మీ అంతట మీకు కనబడాలి.”

ఆయన ఇటు తిరిగారు. “నువ్వా? నోరు మూసుకుని కూర్చుంటావా?” అని నవ్వారు. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు.

నవ్వితే నవ్వారు కానీ, ఆ మౌనం పాటించడంలో నా తల ప్రాణం తోకకొచ్చింది. చేతిరుమాలు నోట్లో కుక్కుకుని ఎడమ పక్కన కూర్చునేదాన్ని. మూలావిడ గుండెలు ఆరిపోతుంటే నా గుండె ఆగినట్టుండేది. ఆయన ఓడిపోయేవారు. మౌస్ విసిరికొట్టేవారు. నేను తీసి మళ్ళీ చేతిలో పెట్టేదాన్ని. మరిది ఒకసారి వచ్చి చూసి జాలిపడి, ఆ గడియారం తీసేయండి వదినా, మెల్లగా ఆడుకుంటాడు అన్నాడు. షాపుకొచ్చినవాడు గడియారం ఆపుకుని వస్తాడా అని అడిగి పంపించేశాను.

ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. ఏ పనికైనా ముందు మౌస్ బాణాన్ని తీసుకెళ్ళి తెర ఎడమ అంచుకి తాకించడం అలవాటు చేసుకున్నారు. ఎర్ర రిబ్బన్ కనబడితే, ఇదే ఎడమ గోడ అని తనలో తను గొణుక్కుని, అక్కడినుంచి జుట్టు దువ్వినట్టు కుడికి వచ్చేవారు. దారిలో మూల బల్ల తగిలేది. ఆవిడకి కాఫీ అందేది. తర్వాత అన్నం దగ్గర కూడా కంచం అంచు మీద వేలు జరుపుకుంటూ ఎడమకి వెళ్ళి, గోడ అనుకుని, అక్కడినుంచి తినడం మొదలుపెట్టారు. ఒక పొద్దున గడ్డం గీసుకుని వచ్చారు, ఎడమ చెవి కింద కోసుకుపోయి నెత్తురు కారుతోంది. మొగుడి నెత్తురు చూసి మురిసిపోయిన ఆడది లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మా మరిది జుట్టు ఈ మధ్యలో ఎవరి చేతా కత్తిరించుకోలేదు. ఇది అన్నయ్యకోసం పెంచుతున్నది అని అడిగినవాళ్ళకల్లా చెప్పుకున్నాడట. ఈసారి ఆయన ఒక్కరే బయల్దేరారు. నువ్వు రావద్దు, నీ ఊపిరి వినబడినా నాకు తెలిసిపోతుంది అన్నారు. సరే అన్నాను. ఆయన వీధి మలుపు తిరగగానే చెప్పులేసుకుని వెనకే వెళ్ళాను. ఉండబట్టదు కదా.

పక్క సందులో నిలబడి, కత్తెర చప్పుడు మొదలయ్యాకే లోపలికి జారుకున్నాను. ఆయన వీపు నావైపుంది. ఎడమ గోడవార బెంచీ మీద నక్కి కూర్చున్నాను. కుర్చీ ఎడమ చేతికి ఎర్ర రిబ్బన్ ముక్క కట్టి ఉంది. ఆయన ఎడమ అరచెయ్యి తమ్ముడి ఎడమ చెవి మీద ఆనించి, అక్కడినుంచే కత్తిరిస్తున్నారు. చాలాసేపు పట్టింది. వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. నేను రుమాలు ఇంకా లోపలికి కుక్కుకున్నాను. చివరికి రెండు చెవుల ముందూ రెండు వేళ్ళు పెట్టి, రెండు పక్కలా సమంగా ఉందో లేదో చూసుకున్నారు. గుడ్డ తీసి దులిపారు.

మరిది అద్దంలో తల ఇటూ అటూ తిప్పుకున్నాడు. లేచి, వంతులో ఉన్నాయన్ని భుజం పట్టుకుని తీసుకొచ్చి, తను లేచిన కుర్చీలో కూర్చోబెట్టాడు. “మా అన్నయ్య చేస్తాడు,” అన్నాడు.

మా ఆయన గుడ్డ కప్పబోతూ ఎడమకి తల తిప్పారు. నేను పిలవలేదు, కదల్లేదు, ఊపిరి కూడా బిగబట్టాను.

“ఆ రుమాలు తియ్యవే, ఊపిరాడక పోతావు,” అన్నారు.

నేను తీశాను. “నేనిక్కడున్నానని మీకెవరు చెప్పారండీ?” అన్నాను.

“ఎవరు చెప్పాలి? కనబడుతున్నావుగా,” అని ఆయన కొత్తాయన మెడ చుట్టూ గుడ్డ బిగించారు.