అబ్బా అన్న ఒక్క మాట

భుజం మీద కొడితే చెయ్యి లేవదు, మెడకూ భుజానికీ నడుమ ఎముక మీద కొడితే ఎంత మొనగాడికైనా తనంతట తానే లేస్తుంది, నా కానిస్టేబులు సర్వీసులో ఒక్కడికి తప్ప అందరికీ లేచింది, అక్కడే కొట్టాలి, ఒక్క దెబ్బ, నా కొడుకు చెయ్యి లేవాలి, లేస్తే గురుమూర్తి వాడి పేరు కొట్టేస్తాడు, రేపు ఎర్రగుంట్లలో రైలెక్కే పనుండదు, గోవా ఉండదు, పోర్చుగీసు దొరల తుపాకులుండవు, యా అల్లా, లాఠీ ఎందుకిలా జారుతోంది, అరచేతినిండా చెమటే, పొద్దున్నే ప్రొద్దుటూరు పత్తిమిల్లు వాకిట్లో ఇంత ఉక్కేమిటి, ఏడుగురు వరసగా కూర్చున్నారు, నాలుగోవాడు నా కమాల్ బాషా, దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టినా, నొప్పికి నోరు తెరిచినా గోవాను విడిపించే సత్యాగ్రహానికి పనికిరారని బట్టలంగడి గురుమూర్తి షరతు, వాళ్ళకు దెబ్బలు అలవాటు చెయ్యడానికి నన్నే పిలిపించాడు, ఏమప్పా సత్తారూ, నీ దెబ్బ తిన్నోణ్ణి నేను, నీ మాదిరి కొట్టేటోడు ఈడ ఇంగెవరుండారు, అని నవ్వాడు, నవ్వుతుంటే ఆయన ఎడమ భుజం కిందికి వాలే ఉంది.

అది నా పనే, నలభై రెండులో, జమ్మలమడుగు రోడ్డు మీద, తెల్లదొరల ఉద్యోగం, కూర్చున్న మనిషిని కొట్టాను, చెయ్యి లేవలేదు, కళ్ళెత్తి చూస్తూనే ఉన్నాడు, నాకు లాగు తడిసింది, ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, కొట్టిన సంగతి మాత్రం మూడేళ్ళ కిందట ఎవరో కమాల్ చెవిన వేశారు, ఆ రోజు నుంచి వాడు నన్ను అబ్బా అని పిలవడం మానేశాడు, ఏం కావాలన్నా వాళ్ళమ్మతోనే చెప్పిస్తాడు, పిలవకపోతే పోనీ, ప్రాణంతో ఇంట్లో తిరిగితే చాలు, గోవాలో చెయ్యెత్తనివాళ్ళనే కాలుస్తున్నారంట, పేపర్లో పడింది, వాళ్ళమ్మ దిల్షాద్‌బీ పొద్దున నా కాళ్ళు పట్టుకుని, ఎట్లన్నా వాణ్ణి నిలుపు, నీకు చేతనయింది ఆ పనొక్కటే గదా, కొట్టే నిలుపు, అంది.

ముగ్గురైపోయారు, కమాల్ నా వైపు చూడలేదు, కొట్టాను, నిజంగానే కొట్టాను, ఎముక మీదే, చేతి వేళ్ళు కదిలి మళ్ళీ మోకాలిని పట్టుకున్నాయి, పెదవి మాత్రం ఆగలేదు, అబ్బా, అన్నాడు.

గురుమూర్తి పేర్ల కాగితం మీద పెన్సిలు ఆనించి ఆగాడు, ఏంది సత్తారూ, నొప్పికన్న్యాడా, నిన్ను పిల్సినాడా, మాకు నొప్పి పుడితే అబ్బా, మీకు నాయన్ను పిల్సేదీ అబ్బా, నాకేం తెలుస్తాదప్పా, నువ్వే చెప్పల్ల, అన్నాడు, నొప్పికే అనేస్తే అంతే, ఆ మాట చాలు, పేరు పోతుంది, కొడుకు మిగులుతాడు, దిల్షాద్‌బీ ఇంత అన్నం తింటుంది, నిజమూ అదేనేమో, ఆ దెబ్బ ఎంత నొప్పో నాకు తెలీదా, చెప్పరా సత్తార్, చెప్పు, అప్పుడు కమాల్ తలెత్తాడు, మూడేళ్ళకు నా ముఖం చూశాడు, కంటినిండా నీళ్ళు, వాడికీ భయమే, దెబ్బకు లేని భయం, నేనేమంటానో అని, నొప్పికే అన్నానంటే ఇక చచ్చేదాకా వాడికి నేను లాఠీ పట్టుకున్నవాణ్ణే, ఇంట్లో ఉంటాడు, నా కొడుకై ఉండడు, గురుమూర్తి వైపు తిరిగాను, నన్నే పిల్సినాడప్పా, నేను వాని అబ్బను, రాసుకో.